ఏనుగు భాషలో లేని మాట

ఒక పెద్ద అడవిలో ఏనుగులు లేవు. ఒకప్పుడు ఉండేవి, ఏలేవి, మూడు తరాల కిందట తరలిపోయాయి. వెళ్ళిపోయే పాలకులు ఖజానా పట్టుకుపోతారు, భాష వదిలిపోతారు. వదిలినచోట అది జీతం అడగకుండా ఏలుతూనే ఉంటుంది. అందుకే ఆ అడవిలో ఇప్పటికీ ఘీంకరించగలిగినవాడు పండితుడు, తక్కినవారు ఉత్త జంతువులు.

అక్కడి దుప్పి పిల్లల బడికి కృష్ణముఖి అనే కొండముచ్చు పంతులమ్మ. ఆమె చెట్టుకొమ్మ మీద కూర్చుని రెండు భాషల్లో చదువు చెప్పేది. "ఖక్!" అని తన భాషలో అరిచి, "అంటే ఏమిటర్రా?" అని దుప్పి భాషలో అడిగేది.

"చిరుత వచ్చిందని!" అంటూనే పిల్లలు పొదల్లో మాయమయ్యేవారు. ఆ బడిలో పరీక్ష తప్పినవారు లేరు. తప్పితే మళ్ళీ రాసే వీలుండదు మరి.

ఈ చదువు వల్ల నష్టపోయినవాడు ఒక్కడే, మచ్చలదొర అనే చిరుత. వయసు మీదపడి వేగం తగ్గింది. పొంచి కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక కొమ్మ మీదనుంచి "ఖక్" వినిపించేది, భోజనం లేచి పరుగెత్తేది. బాగా ఆలోచించి, ఆయన విద్యాభిమాని అయ్యాడు.

"మన పిల్లలు ఇంకా ఖక్కు బిక్కు అంటూ కూర్చుంటే పై అడవుల్లో మన పరువేం కావాలి?" అని అటవీసభలో కన్నీరు పెట్టుకున్నాడు. "ఇకమీదట బడిలో ఏనుగు భాష తప్ప మరో మాట వినపడకూడదు. పంతుళ్ళకు శిక్షణ ఇప్పిద్దాం. నెగ్గనివారిని ఇంటికి పంపిద్దాం."

అందరికంటే గట్టిగా గిట్టలు చరిచి హర్షించింది దుప్పి తల్లిదండ్రులే.

శిక్షణకు ధవళాచార్యులు అనే కొంగను రప్పించారు. ఆయన ముత్తాత ఏనుగు వీపుమీద కూర్చుని పురుగులు ఏరుకు తినేవాడట. "మాది భాషను పైనుంచి చూసిన వంశం" అనేవాడు ఆచార్యుడు.

"తొండాలు ఎత్తండి!" అని ఆయన అనగానే, తొండం లేని పంతుళ్ళందరూ ముక్కు ముందు ముంజేయి చాచి ఘీంకరించేవారు.

"శభాష్, ఎలుగు మాస్టారూ! ఉచ్చారణంటే అదీ!"

ఎలుగు మాస్టారు కృష్ణముఖి చెవిలో గొణిగాడు. "నా మొహం ఉచ్చారణ! వారం రోజులుగా జలుబు తల్లీ."

కృష్ణముఖికి నవ్వు రాలేదు. లేచి నిలబడింది. "ఏనుగు భాష వద్దనడం లేదు ఆచార్యా. పిల్లలకు తెలిసిన మాటతో ముడిపెట్టి నేర్పుదాం. త్వరగా పట్టుబడుతుంది."

"నీకు రాదు గనక అలా అంటున్నావు."

"అయితే చెప్పండి, చిరుతను ఏమంటారు? రేపు నా మాదిరి పాఠంలో కావాలి."

ఆచార్యుడు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు. "ఆ మాట లేదు."

"లేకపోవడమేమిటి?"

"ఏనుగుకు చిరుతతో పనేమిటి?"

"దుప్పికి ఉంది కదండీ!"

"దుప్పి అవసరాలు పాఠ్యప్రణాళికలో లేవమ్మా."

ఖక్ అంటే కొలువు పోతుంది. అనకపోతే పిల్లలు మిగలరు.

మర్నాడు మాదిరి పాఠానికి ముఖ్య అతిథి మచ్చలదొరే. మొదటి వరుస పిల్లల ఊపిరి తగిలేంత దగ్గరగా ఆసీనుడయ్యాడు. ఖక్ వినగానే పారిపోవడం అలవాటైన పిల్లలు గనక, చిరుతను కళ్ళారా చూసినవారు ఆ బడిలో ఎవరూ లేరు. అందరూ ఆయన తోకను ముచ్చటగా చూస్తున్నారు.

"పాఠం ముగిశాక పిల్లలతో కాస్త ఏకాంతంగా ముచ్చటిస్తాను" అన్నాడు దొర, పెదవులు తడుపుకుంటూ.

కృష్ణముఖి ముంజేయి ఎత్తింది. "ఘీం... ఘీం..." అని స్వాగతం మొదలుపెట్టి ఆగింది.

"ఆగావేం? నా పేరు పెట్టి పిలువు."

"అది ఆచార్యులవారే సెలవివ్వాలి దొరవారూ."

ఆచార్యుడు రెక్కలు సర్దుకున్నాడు. "దొరవారికి... ఏనుగు భాషలో పేరు లేదు."

"లేదా? మరి ఏనుగులు మా తాతగారిని ఏమనేవి?"

"ఏమీ అనేవి కావండి. దారికి అడ్డొస్తే తొక్కుకుంటూ పోయేవి."

వెనక వరుసలో ఎలుగు మాస్టారు కిసుక్కుమన్నాడు. దొర మీసాలు వణికాయి. "ఇంత సభలో నాకు పేరే లేదా?"

కృష్ణముఖి చేతులు జోడించింది. "మా మోటు భాషలో ఉంది దొరవారూ. తమ పేరు చెబితే అడవి అడవంతా కదులుతుంది. కానీ నిబంధన ఉందే..."

"నిబంధన పెట్టింది నేను! ఈ ఒక్కసారికి సడలించాను. చెప్పు! అందరికీ వినపడేలా చెప్పు!"

"ఖక్!"

దుమ్ము లేచింది. అది అణిగేసరికి బడిలో ఒక్క పిల్ల లేదు. ఎలుగు మాస్టారు చెట్టెక్కాడు, ఆచార్యుడు అంతకంటే పై కొమ్మ చేరాడు. దొర పంజాలో గుప్పెడు ఎండుటాకులు మిగిలాయి.

ఆయన విద్యాభిమానం ఆనాటితో అడుగంటింది. నీళ్ళరేవు సంక్షేమ సంఘానికి అధ్యక్షుడయ్యాడని తరువాత తెలిసింది. ధవళాచార్యులు మాత్రం కృష్ణముఖి పేరు ఎదుట "ఉచ్చారణ లోపం, శిక్షణలో నెగ్గలేదు" అని రాసి పంపాడు. పట్టించుకునే విద్యాభిమాని లేక అది మూలపడింది.

మర్నాడు పొద్దున్నే ఒక దుప్పి తల్లి బడికి వచ్చింది. "పంతులమ్మా, పిల్లాడు బతికాడు, సంతోషమే. కానీ పాఠం సగంలో ఆగిపోయిందట. వాడికి ఘీంకారం ఎప్పుడొస్తుంది?"

"ఇవాళే మొదలుపెడదాం, పంపమ్మా" అంది కృష్ణముఖి. "అర్థం మాత్రం మీ భాషలోనే చెబుతాను."

"చెబితే చెప్పావు గానీ, బయటికి వినపడనివ్వకు తల్లీ!"

నీతి: ఏ భాషనైనా నేర్పవచ్చు, విద్యార్థి బతికి ఉంటే.