లోపలి మాట లోపలే

ఆ రోజు ఉదయం త్రినాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, శిక్షణ అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. మధ్యాహ్నం దుర్గ్ నుంచి సెక్రటరీగారు జీపు దిగేసరికి, ఈ కేంద్రాన్ని మూసెయ్యాలన్న ఆలోచన ఆయన బుర్రలోంచి పోయేలా చూడాలి. ఇందులో మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

కేంద్రమంటే భిలాయి క్యాంప్ 1లో ఒక ట్రస్టువాళ్లు పెట్టిన యువజన ఆరోగ్య కేంద్రం. ఇంట్లో చెప్పుకోలేని జబ్బులూ బెంగలూ కుర్రకారు ఇక్కడికొచ్చి చెప్పుకుంటారని వాళ్ల ఆశ. ఉక్కు ప్లాంటులో కాంపౌండరుగా చేసి రిటైరైన త్రినాథరావు దానికి ఇన్‌ఛార్జి, కన్నమ్మ ఆయా, కొర్నేలి కాపలా. డాక్టరు సాయంత్రాలు వచ్చి, ఖాళీ బెంచీని పరీక్షించి, టీ తాగి వెళ్లిపోయేవాడు.

కుర్రాళ్లు రాకపోవడానికి కారణం త్రినాథరావు మంచితనమే. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ ఆయన ఆప్యాయంగా, "ఏటి బాబూ, ఎవరబ్బాయివి? మీ నాన్న ప్లాంటులో ఏ డిపార్ట్‌మెంటు? మీది ఏ ఊరు?" అని అడిగేవాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మధ్య అది కుశలప్రశ్న. డిపార్ట్‌మెంటు తెలిస్తే మనిషి తెలిసినట్టే, ఊరు తెలిస్తే చుట్టరికం తేలినట్టే. ఒక కుర్రాడు మొటిమలకని వచ్చి "కోక్ ఓవెన్" అన్న పాపానికి, షిఫ్టు దిగేలోగా సంగతి వాడి తండ్రి చెవిన పడింది. "ఆ కేంద్రంలో నీకేం పని?" అని ఆయన బెల్టు తీశాడు. అప్పట్నుంచి కేంద్రానికి వచ్చేవాళ్లంతా పాత పేపర్లు తూచుకోవడానికి బరువు మిషను కోసం వచ్చే ఇరుగుపొరుగువాళ్లే.

మూసేసే ముందు ఒక ప్రయత్నం చేసి చూద్దామని ట్రస్టు జూడీ మేడాన్ని పంపింది. భిలాయి సెక్టారులో పుట్టి పెరిగి, రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్ల. వచ్చీరాగానే బల్ల మీద చెయ్యి ఆనించి మొదలెట్టింది.

"కులం అడగొద్దు, ఊరు అడగొద్దు, తండ్రి డిపార్ట్‌మెంటు అసలే అడగొద్దు. తెలుగువాళ్లొచ్చినా ఛత్తీస్‌గఢీవాళ్లొచ్చినా ఒకటే కుర్చీ, ఒకటే మర్యాద. వాళ్లు ఏం చెప్పినా తప్పు అనొద్దు. లోపలి మాట లోపలే ఉండాలి. ఇంట్లోవాళ్లొచ్చి ఏడ్చినా, ఎవరడిగినా చెప్పొద్దు. సమ్‌ఝే?"

కన్నమ్మ చెయ్యెత్తింది. "మరైతే మేమేటి మాటాడాలమ్మా?"

"మాట్లాడొద్దు. వినండి."

కన్నమ్మ పుట్టాక ఆ పని ఎన్నడూ చేసి ఎరగదు. అయినా తలూపింది.

"మధ్యాహ్నం పరీక్ష ఉంటుంది," అంది జూడీ. "ఎవరో ఒకరు చుట్టంలాగా వచ్చి, మీ చేత చెప్పించాలని చూస్తారు. చెప్పారా, ఫెయిల్." ఆ చుట్టం వేషానికి సెక్రటరీగారి డ్రైవరును మాట్లాడిపెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఫెయిలైతే ఉద్యోగం పోతుందని ఆమె అనలేదు. కన్నమ్మ, కొర్నేలి మాత్రం అలాగే విన్నారు.

తర్వాత అభ్యాసం. కన్నమ్మ సలహా చెప్పే మనిషి. త్రినాథరావు పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఆంధ్రా సంఘం నాటకాల్లో ఇరవయ్యేళ్లుగా పోలీసు వేషం వేసి "పదండి స్టేషన్‌కి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకున్న మనిషికి ఇన్నాళ్లకు నాయకుడి పాత్ర దొరికింది. నోరు మూసుకుని కూర్చోవాలన్న సంగతి మరిచిపోయి, గొంతు సవరించుకున్నాడు.

"ఆర్నెల్లుగా తిరుగుతున్నానమ్మా. మైత్రీబాగ్ పార్కులో కలుసుకుంటాం. మనోళ్ల పిల్ల కాదు, ఛత్తీస్‌గఢీ పిల్ల. ఇంట్లో తెలిస్తే గెంటేస్తారు. కానీ ఆ పిల్లని ఒగ్గేసి బతకలేను. పైగా ఒంట్లో ఏదో తేడాగా ఉంది."

"ఎవులి పిల్ల..." అని మొదలెట్టిన కన్నమ్మ, జూడీ చూపు చూసి మిగతాది మింగేసింది. "మంచిది బాబూ. నువ్వు సేసింది తప్పు కాదు. మేం ఎవులికీ సెప్పం."

జూడీ చప్పట్లు కొట్టింది. కిటికీ అవతల వీధి కుళాయి దగ్గర చప్పట్లను ఎవరూ పట్టించుకోలేదు గానీ, తక్కినదంతా వినిపించింది. నైట్ షిఫ్టు దిగి బకెట్టు నింపుకుంటున్న అప్పలసూరి కుళాయి కట్టేసి మరీ విన్నాడు. లోపలికి తొంగిచూసే అవసరం రాలేదు. ఎదురింటి మనిషి గొంతు ఎవరికి తెలియదు? అప్పలసూరి మంచివాడు. ఇలాంటిది బయటివాళ్ల నోట వినకూడదని, తిన్నగా త్రినాథరావు భార్య నూకమ్మ దగ్గరికే వెళ్లి, "అక్కా, ముందు కూకో," అన్నాడు.

నూకమ్మ కూర్చోలేదు. పొయ్యి ఆర్పి బయల్దేరింది. వెనకాల కుళాయి దగ్గరి ఆడవాళ్లందరూ బిందెలు వదిలేసి బయల్దేరారు. ఆ సమయానికి జూడీ దుర్గ్‌కు ఫోన్ చెయ్యడానికి ఎస్టీడీ బూత్ దగ్గర వరసలో నిలబడి ఉంది. త్రినాథరావు సెక్రటరీగారి కోసం జిలేబీ తేవడానికి సైకిలెక్కి వెళ్లాడు.

"కన్నమ్మా, మా ఆయన నీతో ఏటి సెప్పాడు?"

కన్నమ్మ నూకమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. పరీక్ష వచ్చేసిందని తెలిసిపోయింది. వదిన కళ్లలో నీళ్లు అచ్చం నిజం నీళ్లలాగే ఉన్నాయి. మేడం భలే మనిషిని పట్టుకుంది అనుకుంది.

"లోపలి మాట, వదినా. సెప్పకూడదు."

"ఎవర్తది?"

"ఎవులైతే ఏటి? అందరికీ ఒకటే మర్యాద. ఛత్తీస్‌గఢీవోళ్లని తక్కువ సెయ్యకూడదు."

గుమ్మంలో ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకమ్మ బల్ల అంచు పట్టుకుంది. తను కూడా పరీక్ష పాసవ్వాలనుకున్న కొర్నేలి గబగబా కుర్చీ తెచ్చి వేసి, గ్లాసుతో నీళ్లిచ్చాడు.

"ఆయన్ని తప్పుపట్టకండమ్మా," అన్నాడు మెత్తగా. "ఆయన మనసు ఆయనది. ఇక్కడ మేం ఎవర్నీ తప్పుపట్టం. రేపు ఆవిడొచ్చినా ఇదే కుర్చీ వేస్తాం."

సరిగ్గా అప్పుడు త్రినాథరావు జిలేబీ పొట్లంతో సైకిలు దిగాడు. నూకమ్మ పొట్లం వంక చూసి, "మిఠాయి కూడానా," అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె ఇంత తక్కువ మాట్లాడటం ఆయన చూడలేదు. సంగతి అర్థమయ్యేసరికి ఆయన చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది.

"ఓసి పిచ్చిదానా, అది నాటకమే. కన్నమ్మా, నాటకమని నువ్వైనా సెప్పు."

కన్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. పరీక్ష కఠినమవుతోంది. చెప్పుకున్న మనిషి చేతే అడిగిస్తున్నారు. కానీ ఎవరడిగినా అంటే ఎవరడిగినానే. ఆమె పైకప్పు వైపు చూసింది. "నాకేటీ తెలీదు బావూ."

ట్రస్టు సెక్రటరీ గోవిందరావుగారి జీపు ఆ గుంపులోకే వచ్చి ఆగింది. చుట్టం వేషం వెయ్యాల్సిన డ్రైవరు, అక్కడ అసలు చుట్టాలే అంతమంది ఉండటం చూసి జీపు దిగలేదు. "ఏమిటిది?" అని గోవిందరావుగారు కన్నమ్మను అడిగారు. సెక్రటరీ అని తెలిసి కూడా ఆమె నోరు విప్పలేదు. ఆయన త్రినాథరావు వైపు తిరిగారు.

"నోరు కట్టుకోవడం బాగానే నేర్పారు," అన్నారు. "అయితే, కుర్రాళ్లేరి? దసరా దాకా చూస్తాం. అప్పటికీ రాకపోతే తాళం వేసెయ్యండి." ఆయన అలా జీపెక్కారో లేదో, రైలు వేళయిందని జూడీ బూత్ నుంచి పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో కూలబడింది. కేంద్రం ముందు అంతమంది జనాన్ని చూసి సంతోషించి, చెయ్యి ఊపింది.

త్రినాథరావు పడక ఇంటి వరండాలోకి మారింది. అన్నం కంచంలో పడేది, మాట పడేది కాదు. దారిలో తెలిసినవాళ్లు పలకరించడం మానేశారు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. రోజూ తాళం తీసి, ఖాళీ బెంచీ తుడిచి, దసరా ఎప్పుడా అని చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరిగేలోగా మొదటి కుర్రాడొచ్చాడు. పేరు మనోజ్‌కుమార్ అని వాడే చెప్పాడు. ఎవరబ్బాయివని త్రినాథరావు అడగలేదు. అడిగే మొహం ఆయనకు లేదు. తొడ మీద ఏడాదిగా దాచుకున్న పుండు, దాని మీద సంతలో కొన్న ఏదో పసరు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు బాబూ?"

"భయమేసింది అంకుల్. మీ ఇంట్లోవాళ్లు ఏడ్చినా కన్నమ్మ ఆంటీ చెప్పలేదంట కదా, అందుకే వచ్చా." వాడు తల దించుకున్నాడు. "మీరైతే తిట్టరని కూడా... మీకూ ఉంది కదా ఓ కహానీ."

త్రినాథరావు కాదనబోయి ఆగాడు. "కూర్చో," అన్నాడు. మర్నాడు వాడు ఇద్దరు దోస్తులను తెచ్చాడు. పై వారానికి ఆడపిల్లలు కూడా వెనక గుమ్మంలోంచి రావడం మొదలెట్టారు. ప్రేమలు, మొటిమలు, సారా, పరీక్ష తప్పిన దిగులు, అన్నీ ఆయన ముందు కుప్పపోశారు. డాక్టరుకు టీ తాగే తీరిక లేకపోయింది. పరువు పోయాక ఆయన చెవులు బాగా పనిచెయ్యసాగాయి.

దసరాకు ముందు జూడీ మళ్లీ వచ్చింది. సంగతి విని నాలిక కరుచుకుని, తిన్నగా నూకమ్మ దగ్గరికి వెళ్లి, బైబిలు మీద ప్రమాణం చేసి అది నాటకమేనని చెప్పింది. నూకమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, ఊరంతా అన్న మాటను ఊరందరి ముందే కడిగేద్దామని కేంద్రానికి వచ్చింది. వరండాలో బెంచీ నిండా కుర్రాళ్లు.

"అందరూ ఇనండి," అంది. "మా ఆయన సొక్కమైన మనిషి. ఆ పిల్లా నేదు, ఏటీ నేదు. అదంతా మేడం ఆడించిన నాటకం."

"అయితే ఈయనకు కహానీయే లేదన్నమాట," అని గొణిగాడు బెంచీ మీద ఒకడు. మనోజ్‌కుమార్ చేతిలో సగం వాడిన మందుల చీటీ ఉంది. పుండు ఇంకా మానలేదు. వాడు మెల్లగా లేచి చెప్పుల కోసం చూశాడు. వాడి పక్కవాళ్లు కూడా లేచారు. త్రినాథరావు భార్యను చూశాడు, చెప్పులు వెతుక్కుంటున్న కుర్రాళ్లను చూశాడు. ఇన్నాళ్లుగా ఏ పరువు పోయి వరండాలో పడుకున్నాడో అది తిరిగి చేతికొచ్చింది.

"మేడం అలాగే సెప్తాది లెండి," అన్నాడు అందరికీ వినబడేలా. "ఆవిడ దగ్గర లోపలి మాట బయటికి రాదు కదా."

మనోజ్‌కుమార్ చెప్పులు వదిలేసి కూర్చున్నాడు. తక్కినవాళ్లూ కూర్చున్నారు. నూకమ్మ మొగుడి వంక రెప్పవెయ్యకుండా చూసింది, తర్వాత ఆ కుర్రాళ్ల వంక చూసింది. ఇంటికి వెళ్లలేదు. వాళ్లను కొంచెం జరగమని, బెంచీ చివర తన వంతు కోసం కూర్చుంది.