సంచుల పెద్దమనిషి

ఆ బుధవారం పొద్దున ఢిల్లేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. వాన మళ్ళీ అందుకునేలోగా రంగూన్ శివారులోని ఇన్సేన్ బజారుకెళ్ళి చేపలు కొని, ఇంట్లో పడేసి, కొట్టు తెరవాలి. వంటింట్లో జయంతి అప్పటికే చింతపండు నానేసింది.

"పెద్ద ముక్కలు కొట్టించండి. చిన్నవి పులుసులో సితికిపోతన్నాయి," అని చెప్పి, భర్త చేతికి ఒక గుడ్డ సంచి ఇచ్చింది. ఆయన పాత లుంగీ కత్తిరించి తనే కుట్టిన సంచి అది.

గుడ్డ సంచి ఎందుకంటే, ఆ ఇంట్లో ప్లాస్టిక్ సంచి ఉండదు. ఢిల్లేశ్వరరావు చేసేది ప్లాస్టిక్ సంచుల వ్యాపారమే. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వచ్చి బుట్టలమ్మాడు. తండ్రి గోనె సంచులమ్మాడు. ఈయన ప్లాస్టిక్ దాకా వచ్చాడు. కొట్లో సరుకు ఇంటికి మోసుకురావడం మొదలుపెడితే ఇక అంతు ఉండదని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాడు. జయంతి ఆ మాట మనసులో పెట్టుకుని, ఆనాటి నుంచి ఒక్క సంచి కూడా గడప దాటి లోపలికి రానివ్వలేదు.

బజారులో చేపలమ్మే డో మ్యా అనే ఆవిడ నెల క్రితం దాకా ఢిల్లేశ్వరరావు దగ్గరే సంచులు కొనేది. రెండో గేటు దగ్గర కొత్త కొట్టు వెలిసినప్పటి నుంచి అక్కడ కొంటోంది. ఆ సంగతి ఆయనకు వినికిడే తప్ప కళ్ళారా చూడలేదు. ఆ పొద్దున ఆవిడ చేప ముక్కల్ని తూకం వేసి, ఉల్లిపొర లాంటి గులాబీ రంగు సంచిలో పోసి ముందుకు చాపింది. ఢిల్లేశ్వరరావుకు ఒళ్ళు మండింది.

"తీసెయ్," అన్నాడు బర్మీస్‌లో. "ఆ సంచి నా కంటికి చూపించకు. ఇలాంటివి వచ్చాకే ఈ బజారు పాడయిపోయింది. చేపలు తిన్నగా ఇందులో వెయ్యి."

డో మ్యా ముక్కల్ని లుంగీ సంచిలో వేసింది. చేపనీళ్ళు కారుతున్న సంచిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, తల పైకెత్తుకుని ఆయన నడిచి వెళ్ళిపోయాడు. పక్కన కాయగూరల దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి ఇదంతా ఫోన్లో వీడియో తీసిన విషయం ఆయన గమనించలేదు.

మధ్యాహ్నం కొట్లో బావమరిది మంగరాజు ఫోన్ పట్టుకొచ్చి ముందు పెట్టాడు. మంగరాజు జయంతి తమ్ముడు. చెప్పిన పని చెప్పినట్టే చేస్తాడు, ఎందుకని ఎప్పుడూ అడగడు.

"బావా, నువ్వు వీడియోలో ఒచ్చీసినావు."

ఢిల్లేశ్వరరావు చూశాడు. తన వీపు, కారుతున్న సంచి, తన గొంతు. కింద బర్మీస్‌లో రాసి ఉంది: 'ప్లాస్టిక్ ముట్టని ఇన్సేన్ పెద్దమనిషి.' అప్పటికే వేలమంది చూశారు. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆయన వీడియో మళ్ళీ మొదట్నుంచీ పెట్టాడు. "ఇదేట్రా? నానన్నది ఆ గులాబీ సంచి గురించి."

"అందులో గులాబీ అని నేదు బావా."

ఇంకా ఆ మాట పూర్తవలేదు, తన్లిన్ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. సంచులు చేసి పంపే అక్కడి చిన్న ఫ్యాక్టరీ యజమాని ముసలాయన. "వీడియో చూశాను. వ్యాపారం మానేస్తున్నావా?" అని అడిగాడు. అలాంటిదేమీ లేదనీ, వచ్చే లారీ ఎప్పటిలా రావాల్సిందేననీ ఢిల్లేశ్వరరావు నాలుగు రకాలుగా చెప్పుకున్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ముసలాయన నమ్మాడో లేదో ఆయనకు తేలలేదు. సరుకు ఆగితే కొట్టు మూతపడుతుంది. సరుకు ఆగకపోతే, వీడియో చూసినవాళ్ళెవరైనా కొట్టుకొస్తే పరువు పోతుంది. ఎటు తిరిగినా బెంగే.

ఇంటికెళ్ళి జయంతికి చెబితే గుండె తేలికపడుతుందనుకున్నాడు. కానీ ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మండలేలో మా పెద్దక్క సూసిందండి. మీ ఆయన ఇంత మంచోడని మాకెప్పుడూ సెప్పలేదే అన్నాది."

"నువ్వేటన్నావు?"

"నాకూ తెలీదన్నాను."

అని నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనను చూసి ఆమె అలా నవ్వడం ఆయనకు గుర్తు లేదు. చెప్పాలనుకున్నది మానుకుని, చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

సాయంత్రం ఆ వీడియో తీసిన అమ్మాయే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు దివ్య. తెలుగు బాప్టిస్టు కుటుంబం, చిన్నపిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. స్నేహితులతో కలిసి ఇన్సేన్ కాలువల్లో చెత్త తీయించడం, నది అవతల దలాలో బడిపిల్లలకు పుస్తకాలు పంచడం లాంటి మంచిపనులు చేస్తుంటుంది.

"ఊలే," అంది, బర్మాలో అందరూ పెద్దవాళ్ళను పిలిచినట్టే. "నా తెలుగు కొంచెం వీక్. అమ్మమ్మతోనే మాటాడతాను. మీ వీడియో చూసి మా గ్రూప్‌లో అందరూ చాలా హ్యాపీ. శనివారం దలా వెళ్తున్నాం. ముందు మీకు దండ వేసి, తర్వాతే ఫెర్రీ ఎక్కుతాం."

"దండలెందుకమ్మా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. దివ్య దాన్ని వినయం అనుకుంది.

"మీరేం చేస్తారు ఊలే?"

ఆయన నోరు తెరిచేలోగా టీ పట్టుకొచ్చిన జయంతి, "సంచుల కొట్టమ్మా," అంది.

"ఓ, గుడ్డ సంచులా?"

కాదని చెప్పడానికి ఢిల్లేశ్వరరావు ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పక్కింటి జెనరేటరు భడభడమంటూ మొదలైంది. ఆ హోరులో ఆయన చెప్పింది ఆయనకే వినపడలేదు; దివ్య మాత్రం సరేనన్నాడనుకుంది. జయంతి దీపం వెలిగించి తెచ్చేసరికి దివ్య ఫోన్లో గ్రూపు వాళ్ళకు చెప్పేస్తోంది: పిల్లల పుస్తకాలు పెట్టడానికి గుడ్డ సంచులు దొరికాయి, వీడియోలోని పెద్దమనిషే ఇస్తున్నాడు, రెండొందల సంచులు, దండ కూడా ఆయన కొట్టు దగ్గరే వేద్దాం.

ఆమె వెళ్ళాక ఢిల్లేశ్వరరావు కూలబడ్డాడు. "జయంతీ, ఇప్పుడేటి సేద్దాం?"

"కుడదాం," అంది జయంతి. "పిల్లలకే కదా."

"అది కాదే. ఆ పిల్ల మన కొట్టు సూస్తే?"

"సూస్తే సూడనీండి. బోర్డు మీద ప్లాస్టిక్ సంచులని రాసే ఉంది కదా."

ఆ రాత్రంతా ఆయన కళ్ళ ముందు ఆ బోర్డే కదిలింది. పొద్దున లేస్తూనే మంగరాజుకు ఫోన్ చేశాడు. "సూడు, శనివారం వాళ్ళొచ్చేటప్పటికి కొట్లో ఒక్క ప్లాస్టిక్ సంచి అగుపడకూడదు. మొత్తం ఖాళీ సేసీయాల. తెలిసిందా?"

"తెలిసింది బావా."

గిడ్డంగిలోకి మార్చమని ఢిల్లేశ్వరరావు భావం. ఆ ముక్క మాత్రం నోటితో అనలేదు.

ఆ రెండు రోజులూ ఆయన కొట్టు వైపు పోలేదు. లుంగీ గుడ్డ తానులు మోసుకొచ్చి, కత్తిరించి, జయంతికీ ఇరుగుపొరుగు ఆడవాళ్ళకూ అందించడంతోనే సరిపోయింది. ఇల్లంతా దారప్పోగులు. కుట్టుమిషన్లు కరెంటుతో పాటు ఆగుతూ సాగుతూ ఉన్నాయి. బట్ట చాలకపోతే ఆయన సొంత లుంగీలు కూడా కత్తెర కిందికి వెళ్ళాయి. శుక్రవారం సాయంత్రానికి ఒంటి మీద ఉన్నది తప్ప మిగల్లేదు. మధ్య మధ్యలో మంగరాజుకు ఫోన్ చేసేవాడు.

"ఖాళీ అవుతందా?"

"అవుతంది బావా. శానా జోరుగా అవుతంది."

ఆ జోరు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. కానీ అప్పుడే ఎవరో దారం అయిపోయిందని కేకేశారు.

జరిగింది ఏమిటంటే, మంగరాజు ఒక అట్ట మీద పెద్ద బర్మీస్ అక్షరాలతో 'శనివారంలోగా ప్లాస్టిక్ అంతా ఖాళీ' అని రాసి కొట్టు ముందు కట్టాడు. అది చదివిన, మొహింగా అనే చేపల పులుసు సేమియా అమ్మే బండి ఆవిడ టీకొట్టువాడికి చెప్పింది. టీకొట్టువాడు వీడియో చూసి ఉన్నాడు. ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులు ఆపేస్తుందట, ఊ డిల్లికి, అంటే ఢిల్లేశ్వరరావుకు, ముందే తెలిసిపోయి గుడ్డ సంచుల్లోకి దిగాడట, అని బజారంతా పాకింది. దాంతో దుకాణదారులు, బండ్లవాళ్ళు, పచ్చళ్ళు అమ్మేవాళ్ళు గుంపులుగా వచ్చి కట్టలు కట్టలు పట్టుకెళ్ళారు. శుక్రవారం మధ్యాహ్నానికి కొట్టులో చీపురు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకా జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళను ఊరికే పంపడం మంగరాజుకు మనసొప్పలేదు. తన్లిన్‌కు ఫోన్ చేసి, రేపు పొద్దున్నే లారీ నిండా పంపమన్నాడు.

శనివారం తెల్లవారుజాము నుంచే వాన. ముందు రోజే దివ్య వాళ్ళు సంచులు పట్టుకెళ్ళి, పుస్తకాలూ పెన్సిళ్ళూ నింపుకున్నారు. ఇప్పుడు కొట్టు దగ్గర దండ కార్యక్రమం కానిచ్చి రేవుకు బయల్దేరాలి. ఢిల్లేశ్వరరావు అందరికంటే ముందు చేరుకుని బోర్డు మీద ఒక దుప్పటి కప్పుదామని, జయంతిని తీసుకుని వచ్చాడు.

వీధి మలుపు తిరగగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి. కొట్టు ముందు నుంచి బజారు గేటు దాకా గొడుగుల వరస. కొట్టు పక్కనే తన్లిన్ లారీ. లారీ మీద నుంచి మంగరాజు ప్లాస్టిక్ కట్టలు దింపుతున్నాడు.

"బావా, వొచ్చీసినావా," అన్నాడు సంతోషంగా. "ఉన్నదంతా అమ్మీసినాను. ఇది కొత్తది."

"ఖాళీ సేయమన్నాను గదరా."

"నిన్న ఖాళీయే బావా."

ఢిల్లేశ్వరరావు దుప్పటి తీసుకుని ముందు బోర్డు వైపు రెండడుగులు వేశాడు, తర్వాత లారీ వైపు వేశాడు. ఏది కప్పాలో తేలలేదు. ఆ దుప్పటి దేనికీ చాలదని అర్థమయ్యేసరికి ఒక చిన్న వ్యాను వచ్చి ఆగింది. దివ్యా, ఆమె స్నేహితులు ముగ్గురూ దిగారు. ఒకరి చేతిలో మల్లెపూల దండ ఉంది.

దివ్య వరసను చూసింది. లారీని చూసింది. బోర్డు చదివింది. ఢిల్లేశ్వరరావు దుప్పటిని చంకలో పెట్టుకున్నాడు. ఇక దాయడానికి ఏమీ లేదని తెలిశాక మాత్రం విచిత్రంగా నోరు పెగిలింది.

"అమ్మా, నాను ప్లాస్టిక్ సంచులే అమ్ముతాను. మొదట్నుంచీ అదే. ఆ పొద్దున తిట్టింది ప్లాస్టిక్‌ని కాదు, ఇంకో కొట్టు సంచిని. నువ్వు అడిగినప్పుడే సెప్పాల్సింది. మా ఇంట్లో అందరూ మెచ్చుకుంటంటే సెప్పలేకపోయాను. ఆ వీడియో ఫోన్లోంచి తీసీమ్మా. దండ కూడా ఒద్దు."

స్నేహితులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరసలో ఉన్నవాళ్ళకు తెలుగు రాకపోయినా, ఏదో జరుగుతోందని గొడుగులు పక్కకు వంచి చూస్తున్నారు. దివ్య వ్యానులోని గుడ్డ సంచుల వైపు చూసింది. ఆమె ముఖంలో ఏముందో చదవలేక ఢిల్లేశ్వరరావు నేల చూశాడు.

"మరి సంచులు ఎవరు కుట్టారు?" అని చివరికి అడిగింది.

"మా ఆవిడ. ఈది వాళ్ళు. నాను కత్తిరించానంతే."

దివ్య దండ అందుకుని జయంతి మెడలో వేసింది. జయంతి సిగ్గుతో కొంగు సర్దుకుంది. ఢిల్లేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు, వానే అనుకుంటారని.

వాన ఒక్కసారిగా పెద్దదైంది. వ్యాను వెనక తెరిచి ఉన్న భాగం మీద కప్పిన పట్టా గాలికి ఎగిరి, లోపల పేర్చిన గుడ్డ సంచుల మీద నీళ్ళు పడ్డాయి. దివ్య పరుగెత్తి పట్టా లాగింది. పైవరస సంచులు అప్పటికే చెమ్మగిల్లాయి. ఇంకా ఫెర్రీ ఎక్కాలి, నది దాటాలి, దలాలో దిగి బడిదాకా పైకప్పు లేని బండ్ల మీద వెళ్ళాలి. అక్కడికి చేరేసరికి నోటు పుస్తకాలు ముద్దయిపోతాయి.

దివ్య పట్టా కొస పట్టుకుని తడిసిన సంచుల్ని లోపలికి నెట్టింది. లారీ వైపు చూసింది. చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

"ఊలే," అంది గొంతు బాగా తగ్గించి. "పెద్దవి ఉన్నాయా?"

ఢిల్లేశ్వరరావు తలెత్తాడు. "ఏ సైజు కావాలమ్మా?" అనేశాడు, అలవాటు కొద్దీ.

మంగరాజు కట్టలు విప్పాడు. జయంతి, దివ్య స్నేహితులు ఒక్కొక్క గుడ్డ సంచినీ ఒక్కొక్క ప్లాస్టిక్ సంచిలో దూర్చి మూతి కట్టారు. వరసలో ముందున్న మొహింగా ఆవిడ గొడుగు పక్కన పెట్టి తనూ ఓ చేయి వేసింది. దివ్య డబ్బు సంగతి ఎత్తబోతే ఢిల్లేశ్వరరావు ఒప్పుకోలేదు.

"ఊరికే తీసుకెళ్ళమ్మా. సింపకుండా ఇప్పి, ఖాళీవి వెనక్కి పట్టుకొచ్చీండి. గట్టి సరుకు, మళ్ళీ వాడుకోవచ్చు."

దివ్య ముఖం వెలిగింది. "రీయూజ్," అంది స్నేహితులతో బర్మీస్‌లో. "చూశారా, పెద్దవాళ్ళ ఆలోచన."

అది సరుకు పాడవకూడదని అన్న మాటే తప్ప అలా కాదని చెప్పడానికి ఢిల్లేశ్వరరావు నోరు తెరిచాడు. జయంతి మోచేత్తో పొడిచింది. వ్యాను కదిలిపోయింది.

ఆ రోజు దలా రేవులో దిగిన గుడ్డ సంచుల్లోని పుస్తకాల్లో ఒక్కటీ తడవలేదు.