మెడ ఎవరి పరిధి?

పెద్దాసుపత్రిలో మనిషి శరీరాన్ని రెండుగా విభజించి పరిపాలిస్తున్న సంగతి పాఠకులకు తెలిసిందే. మెడకు పైన నరాల విభాగం, కింద ఛాతీ విభాగం. ఈ సుపరిపాలనలోకి ఒకనాడు గడియారాలు బాగుచేసే ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆయన మూతి ఒక పక్కకు జారింది. భూతద్దం పెట్టుకునే కుడికన్ను మసకబారింది. ఆ కన్నే ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది. పైగా వదలని పొడిదగ్గు.

నరాల పెద్ద డాక్టరు మూతిని చూసి ముచ్చటపడ్డాడు. దగ్గు వినగానే నొచ్చుకున్నాడు.

"ఇక్కడ దగ్గకూడదండీ. దగ్గాలంటే కిందికి వెళ్ళండి."

ఛాతీ పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటోలో వాచిన గ్రంథులను చూసి సంతోషించాడు గానీ, వంకర మూతి కంటబడకుండా తల తిప్పుకున్నాడు. పరాయి సొత్తు మీద ఆయనకు ఆశ లేదు.

ఈలోగా పరీక్షలు జోరుగా సాగాయి. క్షయ కాదు, కేన్సరు కాదు, పక్షవాతం కాదు. ఒక్కో 'కాదు'కీ బంధువులు ఫోన్లో అభినందించారు. ఇన్ని జబ్బులు లేని మనిషి ఆ వీధిలోనే లేడు. కన్ను మాత్రం మరికాస్త చీకటైంది.

ఊపిరితిత్తుల్లో పుట్టే గడ్డలే నరాల్లోనూ పుట్టే జబ్బు ఒకటుంది. పేరు సార్కాయిడోసిస్. దాని గురించి డాక్టర్లిద్దరూ చదివారు, చెరో సగం. గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూస్తే తేలిపోతుంది. ఖర్మ కాలి, చేతికందే గడ్డ సరిగ్గా మెడ మీద, చొక్కా కాలరు చాటున కూర్చుంది.

సరిహద్దు సంఘం సమావేశమైంది. ఆయన తల ఎత్తితే గడ్డ పైవాళ్ళకు, దించితే కిందివాళ్ళకు చెందుతున్నట్టు కనుగొన్నారు. తీర్పు వచ్చేదాకా తల కదపరాదని ఆదేశించారు.

"అయ్యా, ఈయన ఒక్క మనిషేనండీ! కన్ను పోతోంది, ఎవరో ఒకరు కొయ్యండి బాబూ!" అని భార్య ఏడ్చింది. ఈ వాదనలో శాస్త్రీయత లేదని సంఘం అభిప్రాయపడింది.

ఎట్టకేలకు ఇద్దరూ ఒకే కత్తి పట్టుకుని, రిబ్బను కత్తిరించినట్టు కోశారు. జబ్బు తేలింది. మందులు పడ్డాయి, మూతి తిన్నబడింది. కంటిచూపు మాత్రం తిరిగి రాలేదు. "ఇది సమన్వయం సాధించిన చారిత్రక విజయం!" అని ఇద్దరూ సభలో ఉపన్యసించారు. తిన్నబడిన మూతిని వేదిక మీద చూపించారు.

మర్నాడు చీటీల కిటికీ దగ్గర మనమంతా వరసలో ఉన్నాం. "పైనా, కిందా?" అని అడిగితే ఎవరమూ తడుముకోలేదు. ఆయన వంతు వచ్చింది.

"రెండూనండీ," అన్నాడు.

"ఏదో ఒకటి చెప్పవయ్యా, వెనక జనం లేరూ!" అని కసిరింది కిటికీలోని మనిషి కాదు. మనమే.