నాలుగో గది కలుపు

పలుకుతల్లి! నీవు పలికించు నాలుక
నిప్పు కాకయుండ నీవె కావు;
ఒక్క మాటలోన నుండు నర్థము రెండు
తెలియజెప్పుమమ్మ తెలివి నిచ్చి.

విత్తనాలను చలిగదులలో పదిలపరచే ఆ సంస్థలో అతణ్ణి అందరూ నల్లతెర అనేవారు. లోకమంతా రంగురంగుల బొమ్మలు నొక్కుతూ కంప్యూటరు నడుపుకొంటుంటే, అతడొక్కడు నల్లని తెర తెరచి ఆజ్ఞలను అక్షరం అక్షరంగా టైపు చేసేవాడు. బొమ్మ నొక్కేవాడు ఎవరికో కుట్టిన చొక్కా తొడుక్కుంటాడనీ, ఆజ్ఞ రాసేవాడు తన కొలత తానే ఇచ్చుకుంటాడనీ అతని ఉపదేశం. వినే చెవి దొరికితే వదిలేవాడు కాడు.

సంస్థకు అధికారి అతని బావ. అక్క అక్కడే వృక్షశాస్త్రజ్ఞురాలు. మూడు చలిగదులలో మేలురకం పంట విత్తనాలుండేవి. నాలుగోదానిలో, అక్క తన వయసంతా ధారపోసి కొండలూ బీళ్ళూ తిరిగి ఏరి తెచ్చిన అడవి గడ్డిగింజలుండేవి. పంటధాన్యాలకు అవి తోబుట్టువులని ఆమె మాట. పొలంలో పీకి పారేసేదాన్ని ఇక్కడ చల్లగా దాచుకుంటున్నామని గిడ్డంగి కాపరి గొణుగుడు. ఆ కాపరి దేనికైనా 'చిత్తం' అనడం చేత అతని పేరే చిత్తమైపోయింది.

ఆనాడు పరిశీలక బృందం వస్తున్నది. ఏ గదిని ఉంచాలో, ఏ గదిని మూసివేయాలో తేల్చేది వారే. రాత్రంతా అక్కకు కంటిమీద కునుకు లేదు. నాలుగో గది మూతపడితే ఆమె బ్రతుకు మూతపడినట్లే.

ఉదయం నల్లతెర తలపెట్టిన పని చిన్నది. గదికొక డేటాబేసు ఫైలు ఉన్నది. మొదటిదాన్ని తెరచి, మిగిలిన మూడింటినీ దానికి తగిలించి, నాలుగింటినీ ఒకే ప్రశ్న వేస్తే మొత్తం రకాల లెక్క ఒక్క జవాబుగా వస్తుంది. అలా తగిలించడానికి అతడు ముచ్చటపడి 'కలుపు' అని తెలుగు పేరు పెట్టాడు. తగిలించినదాన్ని విడదీయడం 'కలుపు తీయడం'. విడదీసినంత మాత్రాన ఫైలులో ఒక్క అక్షరమూ చెడదు. కంటికి కనబడదు, అంతే. తన భాషాసేవకు తానే మురిసిపోయి బావకు కూడా ఆ మాటలు నేర్పాడు. చిత్తానికి నేర్పవలసి ఉంటుందని తోచలేదు.

అతిథులకు ఎదురు వెళ్ళిన బావ దారిలోనుంచి ఫోను చేశాడు. నల్లతెర రెండు చేతులూ మీటల మీద ఉన్నాయి గనుక, చిత్తం ఫోను పట్టుకుని స్పీకరు పెట్టాడు.

"నాలుగో గదిది కూడా చూపిస్తున్నావా? ఆ గడ్డి చూస్తే మన పరువు గంగలో కలుస్తుంది. వాళ్ళు వచ్చేలోపు నాలుగో గది కలుపు తీసెయ్."

"అక్క ఊరుకుంటుందా బావా?"

"మీ అక్కకి నేను చెప్పుకుంటాను. నువ్వు చెప్పింది చెయ్."

నల్లతెర "సరే" అన్నాడు. అదే క్షణంలో చిత్తం "చిత్తం" అన్నాడు. రెండు జవాబులూ బావ చెవిలో ఒకటిగానే పడ్డాయి.

నల్లతెర ఒక్క ఆజ్ఞ రాశాడు. నాలుగో గది తెరమీద మాయమైంది. ఇంతలో చిత్తం గుమ్మంలోకి తిరిగి వచ్చి, మొత్తం తీసెయ్యాలా, కాస్త ఉంచాలా అని అడిగాడు. తెరమీది పని సంగతే అడుగుతున్నాడనుకున్న నల్లతెర తల తిప్పకుండానే, సగం సగం పని తనకు గిట్టదనీ, మొత్తం తీయవలసిందేననీ అన్నాడు.

చిత్తానికి ఇంకా మనసు ఒప్పలేదు. పెరట్లో ప్రయోగపు మళ్ళ దగ్గర నిలుచున్న అక్క వద్దకు వెళ్ళాడు.

"కలుపు తీయమన్నారమ్మా అయ్యగారు. చేతి తొడుగులు ఇప్పిస్తారా?"

మళ్ళలో కలుపు పెరిగిందని అక్క నెలరోజులుగా మొత్తుకుంటున్నది. ఇన్నాళ్ళకు మొగుడికి తన మాట చెవికెక్కిందని సంతోషించి, తన తొడుగులే తీసి ఇచ్చింది.

"వేళ్ళతో సహా తియ్యి నాయనా. కాస్త వదిలావంటే మళ్ళీ మొలుస్తుంది."

బృందం రానే వచ్చింది. బావ మూడు గదుల గొప్పలూ ఏకరువు పెట్టాడు. నాయకురాలైన పెద్దావిడ సాంతం విని, మేలురకాలన్నిటికీ ఒకే తెగులు తగిలిందనీ, దాన్ని తట్టుకునే బలం అడవి గడ్డిలోనే మిగిలిందనీ, తాము వచ్చింది నాలుగో గది కోసమేననీ చెప్పింది. బావ ఊసరవెల్లిని మించాడు. ఆ గదిని తానే పట్టుబట్టి కాపాడుకొస్తున్నానంటూ బావమరిదికి కన్ను గీటి, మెల్లగా "కలుపు" అన్నాడు.

నల్లతెర కలిపాడు. ఏ గింజ ఏ కొండమీదిదో, ఏ వానకు మొలిచినదో, తెరమీద పుంఖానుపుంఖంగా వచ్చింది. పెద్దావిడ అక్క చేతులు పట్టుకుని, ఈ గది ఎన్నటికీ మూతపడరాదని అక్కడికక్కడే ఉత్తరువు మీద సంతకం చేసింది. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. గింజలను ఒక్కసారి కళ్ళారా చూడాలని పెద్దావిడ కోరింది.

తలుపు తెరిచారు. తడిగుడ్డతో తుడిచిన అరలన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. చిత్తం చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

"ఒక్క పరక మిగల్చలేదండి. డబ్బాలతో సహా చెత్తపొయ్యిలో వేసేశాను. అమ్మగారు చెప్పినట్టే, మళ్ళీ మొలవదు."

బావ చూపు నేలమీద ఏదో వెదుకుతున్నది. అక్క తమ్ముడివైపు తిరిగింది.

"నీ తెరమీద అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయక్కా. ఒక్కటీ పోలేదు."

"అయితే మొలిపించు."

ఆమె మరునాటి నుంచి పనికి రాలేదు. ఉత్తరువు ఉత్తరువే గనుక, నాలుగో గది నేటికీ చల్లగానే ఉన్నది.

ఈ కథ విన్న వారి విత్తులన్నీ మొలకెత్తుగాక. వారు పలికిన మాట, పలికిన అర్థంతోనే ఎదుటివారికి చేరుగాక.