వట్టి చేతుల నడక

మల్లేశ్వరి వసారాలో పీట వేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తలకు తడిగుడ్డ బిగించి కట్టుకుంది. కాయల ఘాటుకే ఆ తలనొప్పి వస్తుందని భర్త పానకాలు అంటాడు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది. కాయలు లేని కాలంలో ఎందుకు వస్తుందో ఇద్దరూ ఆలోచించలేదు.

పానకాలు చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. ముందురోజు వినుకొండలో డాక్టరు అతని చేతికి పట్టీ చుట్టి, గాలిబుడ్డి నొక్కి, రక్తపోటు ఎక్కువగా ఉందన్నాడు. ఉప్పు తగ్గించాలి, ఊరగాయ ముట్టకూడదు, కోపం తెచ్చుకోకూడదు. రోజూ తెల్లవారగానే చురుగ్గా నడవాలి. మధ్యలో కూర్చోకూడదు, కబుర్లు చెప్పకూడదు, నోరు మూసుకుని ముక్కుతోనే గాలి పీల్చాలి. పానకాలు తండ్రి మోట తోలుతూ, ఎద్దుల మీద అరుస్తూ అరుస్తూ బావి గట్టునే కూలిపోయాడు. ఇప్పుడు పానకాలుకూ దాదాపు అదే వయసు. అందుకే డాక్టరు మాటల్లో ఒక్కటి తప్పినా ప్రాణం పోతుందని అతని భయం.

"నాకు కోపం రాకుండా చూసుకోవాల్సింది నువ్వే," అన్నాడు.

"అట్టాగేనయ్యా."

"నిన్న పప్పులో ఉప్పెక్కువైంది."

"అది నాకు వండుకుంది. నీది చిన్న గిన్నెలో విడిగా పెట్టాగా?"

"చూశావా, ఎదురు మాట! ఇదిగో, అప్పుడే గుండె దడదడలాడతంది."

మల్లేశ్వరి నోరు మూసుకుంది. పానకాలు కూడా నోరు మూసుకుని నడక మొదలుపెట్టాడు.

ఆ వైపు పల్లెల్లో పొద్దున్నే వట్టి చేతులతో, ఎవరినీ పలకరించకుండా, వడివడిగా పొరుగూరి దారి పట్టే మనిషికి ఒకటే పని ఉంటుంది. చావు కబురు మోసేవాడు దారిలో కూర్చోడు, మంచినీళ్ళు ముట్టడు, చేరాల్సిన గడప చేరేదాకా నోరు విప్పడు. ఈ సంగతి డాక్టరుకు తెలియదు. పానకాలుకు తెలుసు గాని, ఆ పూట తన రక్తపోటు తప్ప అతనికి మరేమీ గుర్తులేదు.

ఊరి చివర జట్కా తోలే బుడే గుర్రానికి మేత వేస్తున్నాడు.

"ఏం పానకాలన్నా, పొద్దున్నే ఎటు?"

పానకాలు ముందుకు చేయి చూపించాడు. ఆ దారి అతని అక్క వెంకాయమ్మ ఊరికి పోతుంది.

"బండెక్కు, దించుతా."

పానకాలు తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, కాసిని మంచినీళ్ళన్నా తాగి పో."

మళ్ళీ అడ్డంగా ఊపాడు. సరిగ్గా అప్పుడే తండ్రి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కండువాతో ఒత్తుకుని మరింత వేగంగా నడిచాడు.

బుడే చేతిలో గడ్డి జారిపోయింది. మాటలు విని అతని భార్య జాన్‌బీ బయటికి వచ్చింది.

"పానకాలన్న ఇంట్లో ఎవరో పోయారే! అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. ఉన్నది మొగుడూ పెళ్ళాం ఇద్దరే కదా?"

"అయ్యో, మల్లేశ్వరక్క!" జాన్‌బీ గుండెలు బాదుకుంది. "నిన్న బావి కాడ కళ్ళు తిరిగి కూలబడింది. చేద కూడా లాగలేకపోయింది. ఆయనకు చెప్పబాకు, కోపమొచ్చిద్ది అంది."

"పాపం, అక్కకు చెప్పటానికి నడిచిపోతన్నాడు. బండెక్కమన్నా ఎక్కలా. నేను ముందు పోయి ఆమెను తీసుకొస్తా. నువ్వు వాళ్ళింటికి పో."

"ఒక్కదాన్నీ ఆ ఇంట్లో అడుగుపెట్టలేను. ఆడోళ్ళను పోగేసుకుని పోతా."

ఆడవాళ్ళను పోగెయ్యాలంటే ప్రతి గుమ్మంలోనూ కథ మొదటినుంచీ చెప్పాలి. ఈలోగా జట్కా అడ్డదారిన పొరుగూరు చేరింది. వెంకాయమ్మ కబురు వినగానే పెట్టెలోంచి పచ్చ చీర, పసుపు, కుంకుమ తీసుకుని బండెక్కింది. ముత్తయిదువగా పోయిన మరదలికి ఆడబిడ్డ తేవాల్సినవి అవి. దారి పొడుగునా ఆమె ఏడుపు విని చేలల్లో కాయలు కోసేవాళ్ళు బుట్టలు దించి వెంట నడిచారు. ముందుచూపున్న వాళ్ళెవరో పాడెకు వెదురు కూడా నరికి తెచ్చారు.

పానకాలు మాత్రం ఎవరికీ ఎదురుపడలేదు. పలకరించేవాళ్ళ బాధ పడలేక, కొత్తగా తవ్వుతున్న సాగర్ కాలువ గట్టెక్కి వెనక్కి తిరిగాడు. కాలువలో ఇంకా నీళ్ళు లేవు, గట్టు మీద మనుషులూ లేరు.

జాన్‌బీ ఆడవాళ్ళను పోగేసుకుని వచ్చేసరికే వెంకాయమ్మ బండి దిగి తమ్ముడి వాకిట్లోనే కూలబడింది.

"ఓ తల్లీ మల్లేశ్వరీ! ఒక్కనాడు కూర్చుని తిన్నదానివి కాదే! వేడిది ఇంత నోట్లో పెట్టుకున్నదానివి కాదే! నీలాంటిది ఇంకెక్కడ దొరుకుద్దే!"

ఈ మాటల్లో ఒక్కటైనా ఆమె మరదలి ముఖం ముందు ఎన్నడూ అనలేదు.

పొయ్యి దగ్గరున్న మల్లేశ్వరికి ఏడుపు వినిపించింది గాని మాటలు తెలియలేదు. తొంగి చూస్తే ఆడబిడ్డ, జనం, వెదురు. నడకకు పోయిన మనిషి ఇంకా తిరిగి రాలేదు. "అయ్యో వదినా, ఎక్కడ పడిపోయాడే!" అంటూ పరుగెత్తుకొచ్చి వెంకాయమ్మను వాటేసుకుంది. ఇద్దరూ కాసేపు కలిసి ఏడ్చారు. తర్వాత వెంకాయమ్మ తాను ఎవరి భుజం మీద ఏడుస్తోందో చూసుకుని కెవ్వుమంది.

"నువ్వు పోలేదటే?"

"నేనెక్కడికి పోతా? పొయ్యి మీద ఎసరుంది."

అప్పుడే దొడ్డిదారిన పానకాలు వచ్చాడు. వెదురు చూశాడు. "ఎవరు పోయారు?" అన్నాడు. అందరూ బుడే వంక తిరిగారు.

"నువ్వే కదన్నా చెప్పింది!"

"నేనేం చెప్పానురా? నోరే తెరవలా!"

"చావు కబురు అట్టాగే కదన్నా చెప్పేది!"

పానకాలు తిట్టడానికి నోరు తెరిచాడు. తండ్రి, ఎద్దులు, బావి గట్టు గుర్తొచ్చి, గుండె పట్టుకుని మంచం మీద పడ్డాడు. "డాక్టర్ని పిలవండిరోయ్, పోతన్నా," అన్నాడు. బుడే తప్పు దిద్దుకునే తొందరలో గుర్రాన్ని ఉరికించుకుంటూ వినుకొండ పోయాడు.

డాక్టరు వచ్చేదాకా మల్లేశ్వరి భర్తకు విసిరింది. మధ్యమధ్య లేచి, వచ్చినవాళ్ళకు మజ్జిగ పోసింది. చచ్చిపోయిందనుకున్న మనిషి చేతి మజ్జిగ తాగడానికి ఎవరూ మొహమాటపడలేదు.

డాక్టరు పానకాలుకు పట్టీ చుట్టి చూశాడు. "ఏమీ లేదయ్యా. నిన్నటి మీద నయంగానే ఉంది." పట్టీ విప్పుతుంటే, మల్లేశ్వరి విసనకర్ర ఆపి మంచంకోడు పట్టుకుని నిలదొక్కుకోవడం అతని కంటపడింది.

"తలకు ఆ గుడ్డేమిటమ్మా? ఇలా కూర్చో."

బుడ్డి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పట్టీ సరిగ్గా పడలేదేమోనని విప్పి మళ్ళీ చుట్టాడు.

"నిన్న తీసుకురావాల్సింది ఈమెనయ్యా," అన్నాడు చివరికి. "నీది దీని ముందు ఒక జబ్బే కాదు. ఇట్లా వదిలేస్తే ఏ పొయ్యి దగ్గరో పడిపోతుంది."

ఒళ్ళో పచ్చ చీర ఎటు పెట్టాలో తెలియక వెంకాయమ్మ కొంగు కింద దాచుకుంది.

డాక్టరు నిన్న చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాడు. ఉప్పు వద్దు, దిగులు వద్దు, చాకిరీ తగ్గించాలి, పొద్దున్నే నోరు మూసుకుని నడవాలి. పానకాలు ప్రతిదానికీ తలూపి లేచి కూర్చున్నాడు.

"విన్నావుగా? ఇక నుంచి నువ్వూ జాగ్రత్తగా ఉండాల. ముందు డాక్టరు గారికి కాఫీ పెట్టు."

"ఇంతమందిమి వచ్చాం. ఎసట్లో నాలుగు గింజలు ఎక్కువ పొయ్యి, మల్లేశ్వరీ," అంది వెంకాయమ్మ.

"నా దాంట్లో ఉప్పు చూసుకో," అన్నాడు పానకాలు.

మల్లేశ్వరి లోపలికి పోయి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. తలగుడ్డ విప్పి దండెం మీద ఆరేసింది. మిరపకాయల బుట్టను గోడవారకు జరిపి, వసారా దిగి, జనం మధ్యనుంచి, వెదురు బొంగులు దాటుకుంటూ వీధిలోకి నడిచింది.

"ఎటు పోతన్నావక్కా? కాసిని మంచినీళ్ళన్నా తాగి పో," అని జాన్‌బీ వెంటపడింది.

మల్లేశ్వరి తల అడ్డంగా ఊపింది. వట్టి చేతులతో, ఎవరి వంకా చూడకుండా, కాలువ గట్టు దారి పట్టింది.

బుడే అలవాటుగా కళ్ళెం అందుకున్నాడు గాని, ఈసారి ఎవరింటికి పోవాలో అతనికి తోచలేదు.