మేక పడుకున్న చోటు

ఆదివారం ఉదయం ధనభాగ్యం పెట్టుకున్న పని ఒక్కటే. ఇడ్లీలు తిని, పట్టుచీర కట్టుకుని, మురుంగపాక్కం నుంచి ఆటోలో టౌనుకు వెళ్లి, పిల్లల ముందు ఒక తెలుగు పుస్తకం చదివి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయడం. ఇందులో ఇబ్బంది కూడా ఒక్కటే. ఆమెకు తెలుగు చదవడం రాదు.

మాట్లాడటం రాక కాదు. వాళ్ల వంశం ఆంధ్ర నుంచి ఈ తమిళ సీమకు దిగి ఎన్ని తరాలైందో చెప్పేవాళ్లు లేరు గానీ, ఇంట్లో తెలుగు మాత్రం పోలేదు. బడిలో నేర్చింది తమిళం. ఇక్కడి పాత తెలుగువాళ్లలో చాలామంది సంగతి ఇంతే. రోజూ సాయంత్రం ధనభాగ్యం తాతల నాటి భజన పుస్తకం తెరిచి, పేజీలు తిప్పుతూ పాటలన్నీ పాడుతుంది. అన్నీ కంఠస్థమే, పేజీలు తిప్పడం ఉత్త అలవాటు. ఒక్కోసారి పుస్తకం తలకిందులుగా కూడా ఉంటుంది. అదంతా చూసి, అవ్వ తెలుగులో పండితురాలని మనవరాలు సుగంధి నమ్మేసింది.

ఆ నమ్మకమే కొంప ముంచింది. సుగంధికి పదమూడేళ్లు. బడిలో యానాం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఆమె 'యాడ', 'ఏంది' విని నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా తెలుగు మానేసి, అవ్వ ఏమడిగినా తమిళంలోనే బదులిస్తోంది. అలాంటి సమయంలో నాగశ్రీ వచ్చింది. ఆవిడదీ యానామే, టౌనులో పిల్లల కోసం పుస్తకాల గది నడుపుతోంది. కూరగాయల అంగడిలో ధనభాగ్యం తెలుగు విని ముచ్చటపడి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసింది.

"పిన్నిగారూ, మన ఇళ్లు, తాతముత్తాతలు, మనం ఎవరం, ఎక్కణ్ణుంచి వచ్చాం, వీటి మీద పిల్లలకి మంచి పుస్తకాలు తెప్పించానండి. ఒక్కళ్లూ ముట్టుకోవట్లేదు. మీలాంటి పెద్దోళ్లు చదివి వినిపిస్తే వింటారండి. ఆదివారం వస్తారా?"

ధనభాగ్యం నోరు తెరిచేలోగా సుగంధి అందుకుంది, అదీ తెలుగులో. "మా అవ్వ ఎంత పెద్ద పుస్తకమైనా చదివేస్తుంది."

ఇన్నాళ్లకు ఆ పిల్ల నోట తెలుగు వచ్చింది. ఇప్పుడు రాదని ఎలా చెప్పడం? తన పరువు పోతే పోయింది, ఆ పిల్ల సిగ్గుపడి మళ్లీ ఆ భాష ఎత్తదని ధనభాగ్యం భయం. "దానికేముంది, వస్తా" అంది.

నాగశ్రీ ఒక పుస్తకం చేతికిచ్చి వెళ్లగానే భర్త దొరైస్వామి కుర్చీలోంచి తల తిప్పాడు. "ఏంది ధనం, నీకు అక్షరాలు ఎప్పుడు వచ్చినాయి?"

"ఆదివారంలోపల వస్తాయి. మీ స్నేహితుడు బాపిరాజుకు ఈ పుస్తకం ఇచ్చి రాండి."

బాపిరాజు యానాం మనిషి. తట్టాంచావడిలో లేత్ వర్క్‌షాపు ఉంది. పని మధ్యలోనే పుస్తకం గట్టిగా చదివి, ఫోన్‌లో రికార్డు చేసి పంపాడు. మగ్గం నేసే తాత, ఆయన మనవరాలు, వాళ్ల కథ. ధనభాగ్యం దాన్ని విని విని పొల్లు పోకుండా బట్టీ పట్టింది. "తాత మగ్గం ముందు కూర్చున్నాడు. మునుసామీ, ఆ మూడో బోల్టు బిగించు. మనవరాలు నూలు అందించింది." మునుసామి బాపిరాజు దగ్గర పనిచేసేవాడని ఆమెకేం తెలుసు? మగ్గం బాగుచేసేవాడు కాబోలనుకుని, అతని మీద కాస్త అభిమానం కూడా పెంచుకుంది.

ఆదివారం పుస్తకాల గది పిల్లలతో నిండిపోయింది. నాగశ్రీ తెప్పించిన పుస్తకాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. అన్నిటి అట్ట మీదా ఒకటే బొమ్మ, చేతులు పట్టుకున్న ముసలావిడ, చిన్నపిల్ల. తేడా పేరులోనే. ధనభాగ్యం తన పుస్తకం ఆ బల్ల మీద పెట్టి, ఇచ్చిన కాఫీ తాగి, మళ్లీ ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంది. అది తనది కాదని ఆమెకు తెలిసే దారి లేదు. నాగశ్రీ గుమ్మం బయట తల్లిదండ్రులతో మాటల్లో ఉంది.

"ఒక ఊళ్లో తాత మగ్గం ముందు కూర్చున్నాడు" అని మొదలుపెట్టి, మొదటి పేజీ పిల్లల వైపు తిప్పింది. బొమ్మలో మేక ఉంది.

"మగ్గమేదండీ అమ్మమ్మగారూ?" అంది ముందు వరసలో ఒక చిన్నది.

ధనభాగ్యం బొమ్మ చూసింది. వెనక గోడకు ఆనుకుని సుగంధి కళ్లార్పకుండా తననే చూస్తోంది. "మగ్గం ఇంట్లో ఉండాది, మేక వాకిట్లో ఉండాది" అని పేజీ తిప్పింది. అక్కడ రైలు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. బట్టీ పట్టిన కథ ఈ బొమ్మలకు అతికేలా లేదు. ఆమెకు తెలిసిన కథ ఇంకొకటే ఉంది. చిన్నప్పుడు వాళ్లవ్వ మణియమ్మ అన్నం తినిపిస్తూ చెప్పినది. దేవుడి మీద భారం వేసి దాన్నే అందుకుంది.

"మావాళ్లు పైదేశం నుంచి నడిచి వస్తా, ఒక మేకను తోలుకొచ్చినారు. అది యాడ పండుకుంటే ఆడ ఇల్లు కట్టుకుందామని ఒట్టు పెట్టుకున్నారు. ఆ మేక పండుకుంటే గదా. ఏరు దాటింది, పండుకోలేదు. కొండ దాటింది, పండుకోలేదు. ముసలోళ్లు కాళ్లు పట్టుకొని ఏడుస్తా ఉండారు."

"రైలెక్కొచ్చు కదండీ?"

"అప్పుడు రైలు యాడిది? ఇది ఆ మేక పోయిన దోవ చూసి అప్పురం వేసిన రైలు."

పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి మేక కిరుమాంబాక్కంలో ఎవరిదో వేరుశనగ చేలో పడి, కడుపు పగిలేలా మేసి, కదల్లేక పడుకుంది. దైవాజ్ఞ అని పెద్దలు మూటలు దించారు. చేను యజమాని మాత్రం కర్ర తెచ్చాడు. మేక తిన్నదానికి బదులుగా ఆ ఏడంతా వాళ్లు అతని చేలో పనిచేశారు. కష్టపడి బట్టీ పట్టినందుకు ధనభాగ్యం మునుసామిని కూడా వదల్లేదు. అతను బండి చక్రానికి మూడో బోల్టు బిగించాడు.

చప్పట్ల మధ్య ఇంటికొచ్చి గండం గడిచిందనుకుంది. అసలు గండం మర్నాడు మొదలైంది. పిల్లలు ఆ పుస్తకం కాపీలు ఇంటికి తీసుకెళ్లి చూస్తే, అందులో సెలవులకు రైల్లో ఊరికెళ్లే పిల్ల ఉంది. వేరుశనగ చేను లేదు, మునుసామి అసలే లేడు. పేజీలు ఊడిపోయాయని ఒక తల్లి పుస్తకం తిరిగిచ్చేసింది. వేరే కాపీ ఇస్తే అందులోనూ లేవు. ఇంకో పుస్తకంలో కలిసిపోయాయేమోనని పిల్లలు మిగతావన్నీ పట్టుకుపోయారు. తెప్పించిన పుస్తకాలు తానింకా పూర్తిగా చదవలేదని ఒప్పుకోవడానికి నాగశ్రీకి మొహమాటం. అందుకని ప్రచురణకర్తలకు ఫోన్ చేసి నిలదీసింది. వాళ్లు క్షమాపణ చెప్పి కొత్త పెట్టె పంపారు. అందులోనూ మేక పడుకోలేదు.

చివరికి ఫణిధర్ అనే ఆయన్ను వాళ్లు విజయవాడ నుంచి పంపించారు. పూర్తి కథ ఉన్న కాపీ ధనభాగ్యం ఒక్కదానికే దొరికిందని, దాన్ని ఆమె ఇంటికి పట్టుకెళ్లిందని అందరూ తేల్చేశారు. ఆయన వచ్చిన ఆదివారం ఆమెకు మళ్లీ కబురొచ్చింది.

"పుస్తకం మేక తినేసిందని చెప్పు" అన్నాడు దొరైస్వామి. అంతకంటే మంచి సలహా ఆయన పెళ్లయ్యాక ఇవ్వలేదు గానీ, అదీ పనికిరాలేదు.

పిల్లలందరి ముందూ ఫణిధర్ చేతులు జోడించాడు. "అమ్మగారూ, ఆ కాపీ ఒక్కసారి చూపిస్తారా? పేజీలు ఎలా పోయాయో తెలీక మావాళ్లు బైండింగ్ చేసే అతన్ని పనిలోంచి తీసేస్తామంటున్నారండీ."

ముక్కూ మొహం తెలియని మనిషి కూడు పోతుంటే ధనభాగ్యం ఇంకేం దాస్తుంది?

"ఆయన తప్పేం లేదు నాయనా. నాకు తెలుగు చదవను రాదు. బొమ్మలు చూసి మా ఇంటి కథ చెప్పినా. నా మనవరాలు తలెత్తుకొని తిరగాలని ఆశపడినా. దాని తల నేనే దించేసినా."

సుగంధి వైపు చూసే ధైర్యం ఆమెకు లేదు. అంతలో నాగశ్రీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని అంది, "పిన్నిగారూ, ఆ బీరువాలు చూడండి."

బీరువాలు ఖాళీగా ఉన్నాయి.

"నేను కాళ్లావేళ్లా పడ్డా ఒక్క పుస్తకం ముట్టుకోలేదండి వీళ్లు. మీ మేకని వెతుకుతా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా అన్నీ చదివేశారు."

బడిలో నవ్విన యానాం అమ్మాయిల్లో ఒకతె లేచి సుగంధి దగ్గరకు వెళ్లింది. "అయితే ఆ కథ మీ ఇంటిదా? మా తాతగారి తాతగారు ఎక్కడివారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నాన్నని అడిగితే ఫోన్‌లో వెతుక్కోమన్నారు."

సుగంధి అవ్వను చూసింది. ఆ చూపులో కోపం లేదు. "ఆ చేను అప్పురం మావాళ్లే కొనుక్కున్నారు. ఇప్పుడూ ఉండాది. వస్తానంటే మేక పండుకున్న తావు చూపిస్తా."

"బస్సు యాడెక్కాలి?" అంది ఆ అమ్మాయి. మేక కథ విన్న రోజు నుంచీ యానాం పిల్లలంతా ఆ 'యాడ' మాటే పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. "నాతో రా, చెప్తా" అంటూ సుగంధి తెలుగులో గడగడా మాట్లాడుతూనే ఉంది.

ధనభాగ్యం కళ్లు నిండాయి. మణియమ్మకా, ఆ తిండిపోతు మేకకా, పేజీలు ఊడాయన్న తల్లికా, ఎవరికి ముందు దండం పెట్టాలో తెలియక నాగశ్రీ చేతులు పట్టుకుంది. "నువ్వు పిలవకపోతే ఈ మాటలు దాని నోట విని ఉండనమ్మా. నీ రుణం ఎట్లా తీర్చుకొనేది?"

"వచ్చే ఆదివారం ఇంకో పుస్తకం చదవండి, తీరిపోద్ది. ఏది కావాలండి?"

ధనభాగ్యం కళ్లజోడు సవరించుకుంది. "ఏదైనా సరే. బొమ్మలు మాత్రం పెద్దవిగా ఉండనీ."