మార్జిన్ వదిలిన వీడియో

పొద్దున్నే కొట్టు తాళం తీస్తూనే టైలరు భార్యతో చెప్పేశాడు. "ఇవాళ గుడ్డ ముట్టుకోను. మీ అమ్మానాన్నల పెళ్లిరోజు వీడియో మధ్యాహ్నానికల్లా కత్తిరించి పడేస్తాను."

"మా చెల్లెలి మొగుడు స్టూడియోలో చేయిస్తానన్నాడు కదండీ. ఇచ్చేస్తే పోలా?"

"బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కత్తిరిస్తున్నాను. స్టూడియోవాడొచ్చి నాకు నేర్పాలా?"

అసలు మంట వేరే ఉంది. పిల్లలు కాలేజీకి వచ్చినా, మామగారు అతన్ని ఒక్కసారి 'అల్లుడూ' అని పిలిచిన పాపాన పోలేదు. 'మా పెద్దమ్మాయి భర్త' అని పరిచయం చేసేవారు, అదీ తప్పనిసరైతేనే. అల్లుడనే మాటను ఆఫీసరు ఉద్యోగం చేసే చిన్నల్లుడికే రాసిచ్చేశారు. ఈ సాయంత్రం పెళ్లిరోజు వేడుకలో, నిండు హాల్లో తన పనితనం చూపించి ఆ మాట అనిపించుకుని తీరాలని టైలరు పంతం పట్టాడు.

చుట్టాలు ఫోన్లలో శుభాకాంక్షలు చెప్పి పంపిన క్లిప్పులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అవి కింద వరసగా పరుచుకున్నాయి. పక్కనే కత్తెర బొమ్మ కనిపించింది. దాంతో అతనికి కొండంత ధైర్యం వచ్చింది.

గీత మీదే కత్తిరించేవాడు టైలరే కాడు. గీతకి అవతల కాస్త గుడ్డ మార్జిన్‌గా వదలాలి, అది కుట్టులోకి పోతుంది. అలాగే ప్రతి క్లిప్పుకీ శుభాకాంక్షలకు ముందు కొంత, తరవాత కొంత జాగ్రత్తగా వదిలాడు. రెండు క్లిప్పులు అతికాక ఆ వదిలినదంతా లోపలికి మడత పడిపోతుందని అతని నమ్మకం. మాటలు మాత్రం వినలేదు. పక్కనే భార్య అర్జెంటు ఆర్డరు కుడుతుంటే ఆ మిషను రొదలో వినపడితేగా! నవ్వుముఖం పెట్టిన చోట మొదలు, ఆ నవ్వు పోయిన చోట చివర అని కంటితోనే కొలతలు తీసుకున్నాడు.

పని అయిందనుకునేసరికి చిన్నల్లుడి ఫోను. "అన్నగారూ, హాలువాళ్లు తెర కాసేపే ఇస్తారట. మీ వీడియో సగానికి తగ్గాలి. చేతకాకపోతే చెప్పండి, మా స్టూడియోవాడు రెడీగా ఉన్నాడు."

"చేతకాకపోవడమేంటి? సగమేం ఖర్మ, పావు చేస్తాను!"

భార్య మిషను ఆపింది. "ముందూ వెనకా ఏదో వదిలారుగా. అది కోసేస్తే సరిపోదూ?"

"మార్జిన్ కోస్తారటే ఎవరైనా? రేపు వదులు చెయ్యమంటే ఎక్కణ్ణుంచి తేను? బిగుతు చెయ్యాలంటే నడుం దగ్గరే తియ్యాలి."

అన్నంత పనీ చేశాడు. ప్రతి క్లిప్పునీ నడుం దగ్గర పట్టాడు. శుభాకాంక్షలన్నీ ఉన్నది సరిగ్గా అక్కడే.

సాయంత్రం హాల్లో దీపాలు తగ్గించారు. తెర మీద మామగారి చెల్లెలు ప్రత్యక్షమైంది. "ఎర్ర బటన్ నొక్కావా? ఇంకా లేదా? మా అన్నయ్య ఒట్టి పిసినారి, ఇవాళైనా కడుపునిండా పెడతాడో లేదో..." ముఖంలోకి నవ్వు వచ్చింది. "అన్నయ్యా, వదినా!" నవ్వు పోయింది. "హమ్మయ్య, అయిపోయింది. ఈ కమ్మలు తీసెయ్, చెవులు తెగిపోతున్నాయి."

టైలరు కుర్చీలోంచి సగం లేచాడు. లోపలికి మడత పడాల్సిందంతా బయటే వేలాడుతోంది.

తరవాత చిన్నల్లుడు. "ఈ వీడియో మా టైలరు చేస్తాడట. చొక్కా అనుకొని బొత్తాలు కుట్టకపోతే అదృష్టం." నవ్వుముఖం. "మామయ్యగారూ!" నవ్వు పోయింది. "చాల్లే, ముసలాయన పొంగిపోతాడు." ముందు వరసలో చిన్నల్లుడు కుర్చీలోకి ముడుచుకుపోయాడు.

టైలరు ఆపడానికి పరుగెత్తాడు. మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆపకు. నా గురించి ఎవరేమనుకుంటున్నారో విననీ."

చివరికి భార్యకు శుభాకాంక్షలు చెప్పడానికి తెర మీదికి మామగారే వచ్చారు. ఫోను పట్టుకున్న పక్కింటాయనతో అంటున్నారు. "ఏం చెప్పాలో తోచట్లేదోయ్. పక్కన ఆవిడ గురక వినపడకపోతే నాకు నిద్ర పట్టదు. ఇది ఇంతమందిలో ఎలా చెప్పను?" నవ్వుముఖం. "శుభాకాంక్షలు." నవ్వు పోయింది. "సరేగానీ, ఈ చొక్కా ఎలా ఉంది? పెద్దల్లుడు కుట్టిందే. వాడి కుట్టు ఇంకెవడికీ రాదు. వాడితో మాత్రం అనకు, నెత్తికెక్కుతాడు."

వీడియో అయిపోయింది. "నేను గురక పెడతానా?" అంటూ అత్తగారు కళ్లు తుడుచుకుంది. టైలరు ఇంకా తెర కేసే చూస్తున్నాడు. ఇన్నాళ్లూ పైకి రాని మాట చొక్కా లోపల దాక్కుని ఉందన్నమాట.

మామగారు లేచి నిలబడ్డారు. "అల్లుడూ!"

అలవాటు కొద్దీ చిన్నల్లుడు లేచాడు.

"నువ్వు కూర్చో. పెద్దల్లుడూ! ఆ మధ్యలో కత్తిరించిన ముక్కలు ఉన్నాయా?"

"భద్రంగా ఉన్నాయి మామయ్యగారూ."

"పారెయ్యి."

మర్నాడు చిన్నల్లుడు తలొంచుకుని కొట్టుకు వచ్చాడు. విందులో కాస్త ఎక్కువైందని, ప్యాంటు నడుం దగ్గర వదులు చెయ్యమని అడిగాడు. టైలరు దాన్ని తిరగేసి నిదానంగా చూశాడు.

రెడీమేడ్ ప్యాంటు, లోపల మార్జిన్ లేదు.